తుపాకులు ఆగాక ఠాణా మారాలంటే: నల్లగొండ, పాలమూరు ఊళ్ల కోసం ఒక సమగ్ర మార్గదర్శి

నల్లమల అంచు ఊళ్లలో 1990ల్లో గెట్టు పంచాయితీ వస్తే జనం ముందు రెండు దారులుండేవి: రాత్రి నక్సలైట్ల దళం, పగలు ఠాణా. కోర్టుకు పోయే ఓపిక, పైసలు చాలామందికి లేవు. 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో ప్రభుత్వానికీ నక్సలైట్ పార్టీలకూ చర్చలు జరిగాయి. 2005 జనవరికల్లా అవి చెడిపోయాయి. ఆ తర్వాత కొన్నేళ్లకు అచ్చంపేట, దేవరకొండ వైపు దళాలు లేకుండా పోయాయి. దళం పంచాయితీ ఆగింది కానీ గెట్టు తగాదాలు ఆగవు కదా. అవి కోర్టు మెట్లెక్కలేదు, నేరుగా ఎస్సై గదిలోకి వెళ్లాయి.

ఘర్షణ ముగిసిన ఏ సమాజంలోనైనా పోలీసు సంస్కరణకు అడ్డం పడేది ఇదే. కాల్పులు ఆగుతాయి, ఆ కాలంలో చట్టాన్ని పక్కనపెట్టి పని కానిచ్చుకునే అలవాటు మాత్రం మిగిలిపోతుంది. ఎందుకంటే అది అందరికీ సౌకర్యమే: అధికారికి, ఎమ్మెల్యే మనిషికి, అప్పు వసూలు కావాల్సిన వ్యాపారికి, ఒక్కోసారి మనకు కూడా. అందుకని ఇక్కడ శిక్షణ తరగతుల గురించి, కొత్త బండ్ల గురించి పెద్దగా చెప్పడం లేదు. ఆ అలవాటును ఎక్కడెక్కడ ఆపవచ్చో చెబుతున్నాను. సర్పంచులు, వార్డు సభ్యులు, మండల కేంద్రంలో ప్రాక్టీసు చేసే కుర్ర వకీళ్లు, మహిళా సంఘాల వాళ్లు, రిటైరైన కానిస్టేబుళ్లు కలిసి చేయదగ్గ పని ఇది. ఐదారుగురు చాలు. ఒంటరిగా మాత్రం దిగొద్దు.

మొదటి అడుగు: ఏం మిగిలిందో రాసుకోండి

మీ ఠాణా పరిధిలో ఘర్షణ కాలం ఏమేం వదిలిపోయిందో ఒక నోట్‌బుక్‌లో రాయండి. లొంగిపోయి ఊరికొచ్చినవాళ్లు ఇంకా ఠాణాకు పోయి సంతకం పెట్టి వస్తున్నారా? అన్నలకు అన్నం పెట్టాడని ఎప్పుడో పెట్టిన కేసు ఇంకా నడుస్తోందా? ఎవరి మీద తెరిచిన రౌడీషీట్లు మూయకుండా వదిలేశారు? ఎన్నికలు రాగానే పాత పేర్లనే పిలిచి బైండోవర్ చేస్తున్నారా, అంటే గొడవ చేయమని పూచీకత్తు రాయించుకుంటున్నారా? బడిలోనో, పంచాయతీ భవనంలోనో పెట్టిన పోలీసు క్యాంపు ఎత్తేశాక ఆ గదులు మళ్లీ ఊరి చేతికి వచ్చాయా?

నల్లగొండలో ఈ లెక్క 2005 దగ్గర ఆగదు. 1946 నుంచి 1951 దాకా రజాకార్లు, నిజాం పోలీసులు, 1948 సెప్టెంబరు తర్వాత యూనియన్ సైన్యం, మలబార్ పోలీసులు ఊళ్ల మీద పడిన సంగతులు ఇప్పటికీ ఇళ్లలో చెప్పుకుంటారు. అంతకు ముందు ఊళ్లో పోలీసు అంటే దొర మాట వినే పోలీసు పటేల్. ముసలివాళ్లు ఠాణా పేరెత్తగానే గొంతు తగ్గిస్తారంటే దాని వెనక మూడు తరాల అనుభవం ఉంది. వాళ్లను కూర్చోబెట్టి వినండి, తొందరపెట్టకండి.

నోటిమాటతో పాటు కాగితం కూడా కావాలి. సమాచార హక్కు దరఖాస్తు జిల్లా పోలీసు కార్యాలయంలోని పౌర సమాచార అధికారి పేరున పెట్టండి. ఫీజు 10 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లోపు పై అధికారికి అప్పీలు చేయాలి, అక్కడా పని కాకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లాలి. మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లోనే ఇవ్వాలి. "ఇది రహస్య విభాగం, ఇవ్వం" అని రాస్తే 24వ సెక్షన్ చూపించండి. మినహాయింపు ఉన్న విభాగాలకు కూడా అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణల విషయంలో ఆ మినహాయింపు వర్తించదు.

అడిగేటప్పుడు జవాబు అంకెల్లో వచ్చేలా అడగాలి. గత మూడేళ్లలో ఎన్ని పిటిషన్లు వచ్చాయి, వాటిలో ఎన్ని ఎఫ్‌ఐఆర్‌లయ్యాయి? తెరిచి ఉన్న రౌడీషీట్లు ఎన్ని, చివరిసారి ఎప్పుడు సమీక్షించారు? సీసీ కెమెరాలు ఎన్ని, అవి పనిచేయని రోజులెన్ని? ఒక్క విషయానికి మాత్రం దరఖాస్తు కూడా అక్కర్లేదు. చాలా ఠాణాల్లో ఎస్సై కుర్చీ వెనక గోడకు, ఇంతకుముందు పనిచేసినవాళ్ల పేర్లు, తేదీలతో బోర్డు ఉంటుంది. ఠాణా అధికారికి కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ బోర్డు మీద రెండేళ్లు నిండిన పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోండి.

రెండో అడుగు: యూనిఫాం లేని మనుషులు

అన్నిటికంటే కష్టమైన పని ఇది. వెనక్కి నెడితే ఎప్పటికీ మొదలు కాదు కాబట్టి ముందే చెబుతున్నాను.

ఘర్షణ కాలంలో పోలీసులకు యూనిఫాం లేని మనుషుల అవసరం పడుతుంది. సమాచారం చెప్పేవాళ్లు, లొంగిపోయి అడవి దారులు చూపేవాళ్లు, ఎదుటివాళ్లను భయపెట్టే గుంపులు. ఘర్షణ ముగిశాక వాళ్లేమవుతారో ఎవరూ పట్టించుకోరు. మన దగ్గర నల్లమల కోబ్రాలు, గ్రీన్ టైగర్స్ లాంటి పేర్లతో బెదిరింపులు వచ్చాయి. 2000 నవంబరులో హైదరాబాద్‌లో పౌరహక్కుల సంఘం నాయకుడు పురుషోత్తంను, 2001 ఫిబ్రవరిలో నల్లగొండలో అదే సంఘానికి చెందిన ఆజం అలీని హత్య చేశారు. భువనగిరికి చెందిన నయీం మొదట నక్సలైట్, తర్వాత భూముల సెటిల్‌మెంట్లు చేసే గ్యాంగ్‌స్టర్. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో పోలీసు కాల్పుల్లో అతను చనిపోయాక ప్రత్యేక దర్యాప్తు బృందం వేశారు. భూములు పోగొట్టుకున్నవాళ్లు అప్పుడుగానీ నోరు విప్పలేదు. కొందరు పోలీసు అధికారుల అండతోనే అతను ఎదిగాడన్న ఆరోపణలూ అప్పుడే బయటికొచ్చాయి. ఘర్షణ కోసం వాడుకున్న మనిషి తర్వాత ఏం చేస్తాడో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకు అక్కర్లేదు.

ఇలాంటివాళ్లను ఏం చేయాలన్న దానిపై దేశాలు రకరకాల దారులు పట్టాయి. ఎల్ సాల్వడార్‌లో అంతర్యుద్ధం ముగిశాక, 1992 శాంతి ఒప్పందం ప్రకారం పాత భద్రతా దళాలను రద్దు చేసి కొత్తగా జాతీయ పౌర పోలీసు దళాన్ని పెట్టారు. అందులో 20 శాతం మాజీ గెరిల్లాలు, 20 శాతం పాత పోలీసులు, మిగతా 60 శాతం యుద్ధంలో ఏ వైపూ లేనివాళ్లు ఉండాలని రాసుకున్నారు. ఇరాక్‌లో 2003 మే నెలలో అమెరికా పెట్టిన పాలకులు సైన్యాన్ని ఒక్క ఉత్తర్వుతో రద్దు చేశారు. లక్షల మందికి జీతం పోయింది, ఆయుధం ఎలా వాడాలో మాత్రం తెలుసు. వాళ్లలో చాలామంది తర్వాత తిరుగుబాటు గుంపుల్లో కలిశారు. పీకేస్తే సరిపోతుందనుకునేవాళ్లు ఇరాక్‌ను ఒకసారి గుర్తు చేసుకోవాలి.

మన ఊళ్లో చేయగలిగినవి రెండున్నాయి. లొంగిపోయినవాళ్లకు ప్రభుత్వం ప్రకటించిన పునరావాసం డబ్బు, భూమి, ఇల్లు ఎక్కడ ఆగాయో కనుక్కొని కలెక్టర్‌కు రాయండి. బతుకుదెరువు దొరికిన మనిషికి ఠాణా చుట్టూ తిరిగే పని తగ్గుతుంది. రెండోది, యూనిఫాం లేనివాడు గుమ్మంలోకి వచ్చి "ఎస్సై సార్ పిలుస్తున్నడు" అంటే "నోటీసు తెమ్మను" అని చెప్పడం ఊరంతా నేర్చుకోవాలి. విచారణకు పిలవాలంటే రాతపూర్వకంగా పిలవాలి. ఆడవాళ్లను, 15 ఏళ్లలోపు పిల్లలను, 60 దాటినవాళ్లను సాక్ష్యం కోసం ఠాణాకు రమ్మనకూడదు, పోలీసులే ఇంటికి రావాలి. అనధికార దళాల సంగతి 2011 జూలై 5న నందినీ సుందర్ కేసులో తేలిపోయింది. ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసీ యువకులకు ప్రత్యేక పోలీసు అధికారులని పేరు పెట్టి, తుపాకులిచ్చి మావోయిస్టుల మీదికి పంపడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది.

మూడో అడుగు: ఫిర్యాదు కాగితం

పిటిషన్ తీసుకుని "రేపు రా, ఆయన్ని కూడా పిలిపిస్తా" అంటారు చూడండి, సెటిల్‌మెంట్ అక్కడే మొదలవుతుంది. దాన్ని ఆపాలంటే వరస తెలిసి ఉండాలి.

అరెస్టు చేయదగ్గ నేరం జరిగిందని చెబితే ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందేనని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ ఊళ్లో జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. "మా పరిధి కాదు" అని పంపేయడానికి లేదు, జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి అసలు ఠాణాకు పంపాలి. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో మాత్రం డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ చేయవచ్చు. "విచారణలో ఉంది" అని ఎవరైనా అంటే, ఆ అనుమతి కాగితం తేదీ అడగండి.

ఎఫ్‌ఐఆర్ కట్టకపోతే అదే ఫిర్యాదును రిజిస్టర్ పోస్టులో ఎస్పీకి పంపండి, పోస్టాఫీసు రసీదు జాగ్రత్త చేసుకోండి. అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు, 175వ సెక్షన్ కింద దర్యాప్తుకు ఆయన ఆదేశించవచ్చు. ఎస్పీకి పంపిన రుజువు లేకుండా నేరుగా కోర్టుకు వెళ్తే పిటిషన్ నిలవదు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కేసు కట్టాక దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు ఫిర్యాదుదారుకు చెప్పడం పోలీసుల బాధ్యత.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద వచ్చే కేసును డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి. కావాలని నిర్లక్ష్యం చేసిన అధికారికి నాలుగో సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఏడాది దాకా శిక్ష ఉంది. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్ కమిటీ మూడు నెలలకోసారైనా కూర్చోవాలి. నెలాఖరున ఊళ్లలో తహసీల్దారు, పోలీసులు కలిసి పౌర హక్కుల దినం జరపాలి. మీ మండలంలో అది ఫోటో దిగి వెళ్లిపోయే కార్యక్రమంగా మారి ఉంటే, మీరు పదిమంది ఫిర్యాదు కాగితాలతో వెళ్లి కూర్చోండి. ఉన్న ఏర్పాటును వాడుకోవడం కొత్తది అడగడం కంటే సులువు.

ఇక సివిల్ తగాదాలు. గెట్టు, అప్పు, అన్నదమ్ముల పంపకం ఠాణాలో తేలే విషయాలు కావు. కానీ మూడో దారి చూపకుండా జనాన్ని అక్కడికి పోవద్దంటే ఎవరూ వినరు. ఆ మూడో దారి మండల న్యాయసేవా కమిటీ, లోక్ అదాలత్. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతారు. లోక్ అదాలత్‌లో రాజీ పడితే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం. ఎస్సై గదిలో తెల్ల కాగితం మీద రాయించుకున్న ఒప్పందానికి ఆ విలువ లేదు. న్యాయసేవ హెల్ప్‌లైన్ నంబర్ 15100 పంచాయతీ గోడ మీద రాయించండి.

నాలుగో అడుగు: లాకప్ లోపల

2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు ఠాణాలో, దొంగతనం అనుమానంతో తీసుకెళ్లిన ఒక దళిత మహిళ చనిపోయింది. తర్వాత ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్లను ఉద్యోగం నుంచి తొలగించారు. అక్కడ తుపాకుల ఘర్షణ ఏమీ లేదు, దొంగతనం ఫిర్యాదు ఒక్కటే ఉంది. ఒప్పుకోలు రాబట్టాలంటే కొట్టాలన్న పద్ధతి ఎంత లోతుకు దిగిందో దీన్ని బట్టి చూడండి.

మీ ఠాణాకు వెళ్లినప్పుడు రెండు చూడండి. అరెస్టయినవాళ్ల పేర్లు, నేరం వివరాలు జనానికి కనిపించేలా పెట్టాలని సురక్షా సంహిత 37వ సెక్షన్ చెబుతోంది, అందుకు ఏఎస్సైకి తగ్గని అధికారి బాధ్యుడిగా ఉండాలి. ఆ బోర్డు ఉందా? రెండోది సీసీ కెమెరా. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి ఠాణాలో ప్రవేశ ద్వారం, లాకప్‌లు, వరండాలు, అధికారుల గదులు అన్నీ కనిపించేలా కెమెరాలు పెట్టాలని, రికార్డింగు 18 నెలలు ఉంచాలని, అంత సౌకర్యం లేకపోతే కనీసం ఏడాదైనా ఉంచాలని చెప్పింది. ఠాణాలో ఎవరికైనా దెబ్బ తగిలిందని తెలిస్తే అదే రోజు "ఫలానా తేదీ, ఫలానా సమయం రికార్డింగు చెరపకుండా భద్రపరచండి" అని ఎస్పీకి రాయండి. వారం ఆగితే కెమెరా పాడైందన్న జవాబు వస్తుంది.

అరెస్టు చేసినవాళ్లను 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి, బంధువుకు చెప్పాలి. ఈ సంగతి అందరికీ తెలుసు. తెలియని మెలిక ఏమిటంటే, "అరెస్టు చేయలేదు, ఊరికే మాట్లాడటానికి తెచ్చాం" అంటారు. అందుకే తీసుకెళ్లిన నిమిషం నుంచి టైమ్ రాసుకోండి, ఆ జీపు నంబర్‌తో సహా.

ఐదో అడుగు: ఎన్‌కౌంటర్‌కు పూలు చల్లడం

మనవాళ్లతో గొడవ పెట్టుకోవాల్సిన అడుగు ఇది. 2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర పోలీసు బండిలోనే కాల్పుల్లో చనిపోయారు. ఆయుధాలు లాక్కోబోయారని పోలీసులు చెప్పారు, ఫోటోల్లో చేతులకు బేడీలు కనిపించాయి. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, పశువైద్యురాలి హత్యాచారం కేసు నిందితులు నలుగురిని కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పది మంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలని అందులో ఉంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా కమిషన్ తేల్చింది. నలుగురూ నారాయణపేట జిల్లా మక్తల్ మండలం వాళ్లే.

కోపం అర్థం కానిది కాదు. కోర్టుల్లో కేసులు ఏళ్లకేళ్లు నడుస్తుంటే తక్షణ న్యాయం తియ్యగానే ఉంటుంది. కానీ నల్లమలలో అదే వెసులుబాటు ఒకప్పుడు చెంచుల మీద, తండాల మీద ఎలా తిరిగిందో చూసిన ప్రాంతం మనది. వీళ్లు దోషులని తేల్చింది ఎవరు అన్న ఒక్క ప్రశ్నను కాలేజీ పిల్లల ముందు పెట్టండి, చర్చ దానంతట అదే నడుస్తుంది.

నిబంధన అడిగేవాళ్లకు 2014 సెప్టెంబరు 23న పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన 16 సూచనలు చాలు. ప్రతి ఎన్‌కౌంటర్ మరణానికీ ఎఫ్‌ఐఆర్ కట్టాలి. సీఐడీ గానీ, వేరే ఠాణా బృందం గానీ పై అధికారి పర్యవేక్షణలో దర్యాప్తు చేయాలి. మేజిస్ట్రేట్ విచారణ జరగాలి. కాల్పుల్లో పాల్గొన్నవాళ్ల ధైర్యం సందేహం లేకుండా రుజువయ్యే దాకా ప్రమోషన్లు, అవార్డులు ఇవ్వకూడదు. సన్మాన సభ పెడుతున్నారని తెలిస్తే ప్రమోషన్లు, అవార్డుల మీద ఉన్న ఈ సూచన కాపీ నిర్వాహకులకు, కలెక్టర్‌కు పంపండి.

ఆరో అడుగు: బయటివాళ్ల చూపు

ఘర్షణ తర్వాత పోలీసు సంస్కరణలో ప్రపంచమంతా చూసే ఉదాహరణ ఉత్తర ఐర్లాండ్. 1999 సెప్టెంబరులో, పోలీసు సంస్కరణ కోసం వేసిన ప్యాటెన్ కమిషన్ 175 సిఫారసులు చేసింది. 2001 నవంబరులో పోలీసు దళం పేరు, చిహ్నం మార్చారు. ప్రొటెస్టెంట్లే ఎక్కువగా ఉన్న ఆ దళం కొత్త భర్తీలో సగం మంది కాథలిక్కులు ఉండాలన్న నియమం 2011 దాకా నడిచింది. దళంలో ఎనిమిది శాతం ఉన్న కాథలిక్కులు ఆ పదేళ్లలో దాదాపు 30 శాతానికి వచ్చారు. అయినా పేరు మార్చడం కంటే, భర్తీ కంటే నాకు ముఖ్యంగా కనిపించేది 2000లో పెట్టిన పోలీసు అంబుడ్స్‌మన్. పోలీసు మీద ఫిర్యాదును పోలీసు కాని వ్యవస్థే దర్యాప్తు చేస్తుంది. మిగతావన్నీ నిలబడింది ఆ నమ్మకం మీదే.

మన దగ్గర ప్రకాశ్ సింగ్ తీర్పు రాష్ట్ర స్థాయిలో, జిల్లా స్థాయిలో పోలీసు ఫిర్యాదుల అథారిటీలు పెట్టాలంది. మీ జిల్లాకు ఆ అథారిటీ ఏది, ఆఫీసు ఎక్కడ, సభ్యులెవరు, ఎన్ని ఫిర్యాదులు తేల్చింది అని హోం శాఖకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జవాబు ఏదైనా సరే, దాన్ని పత్రికల వాళ్లకు ఇవ్వండి. మానవ హక్కుల కమిషన్‌కు వెళ్లేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: ఘటన జరిగి ఏడాది దాటితే వాళ్లు తీసుకోరు.

ఏడో అడుగు: పోలీసు ఎవరు, ఎలా బతుకుతున్నాడు

భర్తీ గురించి మన ఊరి నుంచి చేయగలిగింది తక్కువే. సివిల్ కానిస్టేబుల్ భర్తీలో మహిళలకు 33 శాతం రిజర్వేషన్ ఉంది కాబట్టి అమ్మాయిలను పరుగు పందేలకు, రాత పరీక్షకు తయారు చేయించండి. మన్ననూర్‌లోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) చెంచు పిల్లలకు కోచింగ్ ఇచ్చేలా అడగండి. దేవరకొండ, అచ్చంపేట తండాల ఠాణాల్లో లంబాడీ మాట వచ్చిన మనిషి ఒకరైనా రిసెప్షన్‌లో ఉంటే ముసలి అవ్వలు సగం భయం లేకుండా మాట్లాడతారు.

కానిస్టేబుళ్లను శత్రువులుగా చూడొద్దు. 2024 అక్టోబరులో బెటాలియన్ కానిస్టేబుళ్లు, వాళ్ల భార్యలు సెలవుల కోసం, కుటుంబంతో ఒక్కచోట ఉండే ఉద్యోగం కోసం రోడ్డెక్కారు. కొందరిని సస్పెండ్ చేశారు, కొందరిని తొలగించారు. వారాంతపు సెలవు లేని మనిషి నుంచి ఓపిక ఆశించలేం. మీ వినతిపత్రాల్లో వాళ్ల డ్యూటీ గంటల సంగతి కూడా చేర్చండి. అలా చేర్చినప్పుడు ఠాణాలో కాగితాలు రాసే రైటర్ మీతో మాట్లాడే తీరే మారుతుంది.

ఎనిమిదో అడుగు: నెలకోసారి కూర్చోవడం

శాంతి కమిటీలు మనకు కొత్త కాదు. వినాయక చవితికి, బక్రీద్‌కు ముందు పిలుస్తారు, టీ, బిస్కెట్లు అయ్యాక ఇంటికి పంపిస్తారు. పార్టీల మండల అధ్యక్షులు, కాంట్రాక్టర్లు, ఠాణా చుట్టూ తిరిగే మధ్యవర్తులు ముందు వరసలో ఉంటారు. మీరు అడిగే సమావేశంలో వీళ్లుండొద్దు. మహిళా సంఘం నుంచి ఇద్దరు, ఎస్సీ కాలనీ నుంచి, తండా నుంచి ఒక్కొక్కరు, ఒక వకీలు, ఒక టీచరు. ఠాణాలో కాకుండా బడిలోనో, గ్రంథాలయంలోనో కూర్చోవాలి. ఏం మాట్లాడారో అక్కడే రాసి ఎస్సై సంతకం తీసుకోవాలి. విడి కేసుల గురించి అక్కడ మాట్లాడొద్దు. మాట్లాడితే మరుసటి నెలకే అది ఇంకో సెటిల్‌మెంట్ కేంద్రం అవుతుంది.

ఎస్సై బదిలీ అయితే, కొత్తాయన వచ్చిన వారంలోనే పాత సంతకాల పుస్తకం జిరాక్సు పట్టుకుని వెళ్లి కలవండి, ఇద్దరికి తక్కువ కాకుండా. మొదటి సమావేశంలో మూడే అడగండి: అరెస్టుల బోర్డు, ప్రతి పిటిషన్‌కు ముద్ర వేసిన రసీదు, కెమెరాల పరిస్థితి మీద నెలకో కాగితం. రౌడీషీట్ల సమీక్ష మూడో నెలలో అడగొచ్చు.